ఇంటర్ తర్వాత ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చేర్పించవచ్చా? గుంటూరు నుంచి అడుగుతున్నాను

కొరిటెపాడు_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ రాస్తుంది. మంచి ర్యాంకు వస్తుందని కాలేజీ వాళ్ళు అంటున్నారు కానీ, ఐఐటీ వస్తుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

పిల్లకి ఏరోనాటికల్ మీదే మనసు. ఇది నిన్నా మొన్నా పుట్టిన సరదా కాదు. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరినప్పుడు మేమందరం టీవీలో ముఖ్యమంత్రి గారు ఎక్కడం చూస్తున్నాం. తను మాత్రం ఆ విమానం అడుగున ఉన్న తెప్పలు నీళ్ళని ఎలా వదిలించుకుని పైకి లేస్తాయని అడిగింది. నాది బట్టల వ్యాపారం, నేనేం చెప్పగలను?

ఇంట్లో పెద్దవాళ్ళందరూ సీఎస్‌ఈ అంటున్నారు. "ఏరోనాటికల్ చదివినవాళ్ళు చివరికి సాఫ్ట్‌వేర్‌లోనే తేలతారు, ఆ చదివేదేదో ముందే చదివితే పోలా" అని మా బావమరిది వాదన. ఇది చాలదన్నట్టు ఒక శిక్షణ సంస్థ నుంచి రోజూ ఫోన్లు. వాళ్ళ దగ్గర ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) చేస్తే అదీ ఏరోనాటికల్ ఇంజనీరింగేనట, ఉద్యోగం ఇంకా త్వరగా వస్తుందట. నిజమేనా? ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డబ్బు సర్దుకుంటాను, పిల్ల నాలుగేళ్ళు వృథా కాకూడదని నా టెన్షన్.

హ్యాంగర్_తెనాలి

నమస్తే అండీ. నేను తెనాలి వాణ్ణి, శంషాబాద్‌లో లైసెన్సు ఉన్న ఏఎంఈగా చేస్తున్నాను. ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చేద్దాం.

ఏఎంఈ వేరు, బీటెక్ ఏరోనాటికల్ వేరు. ఏఎంఈ అంటే విమానాన్ని ఎగరడానికి సిద్ధంగా ఉంచే పని. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, తన సీఏఆర్ 147 నియమాల కింద ఆమోదించిన సంస్థలో చదవాలి, మాడ్యూల్ పరీక్షలు రాయాలి, హ్యాంగర్‌లో అనుభవం సంపాదించాలి. అప్పుడు సీఏఆర్ 66 లైసెన్సు వస్తుంది. అందులో బీ1.1 అంటే టర్బైన్ ఇంజన్ విమానాల ఇంజను, బాడీ, మెకానికల్ వ్యవస్థలు. బీ2 అంటే ఏవియానిక్స్, అంటే ఎలక్ట్రానిక్స్ వైపు. ప్రతి మాడ్యూల్‌లో 75 శాతం వస్తేనే పాస్. 74 వచ్చినా మళ్ళీ రాయాల్సిందే. లైసెన్సు వచ్చాక కూడా ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక్కో రకానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి.

బీటెక్ చదివినంత మాత్రాన విమానాన్ని సర్వీసుకి విడుదల చేస్తూ సంతకం పెట్టే అధికారం రాదు. అలాగే నా లైసెన్సు చూపించి నేను రెక్క డిజైన్ చేసే ఆఫీసులో ఉద్యోగం అడగలేను. రెండూ గౌరవమైన పనులే. "అదీ ఇదీ ఒకటే" అని ఫోన్లో చెప్పేవాళ్ళు మీకు సీటు అమ్ముతున్నారు. వాళ్ళకి అనుమతి ఉందో లేదో, ఉంటే ఏ కేటగిరీకి ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకోండి. కాగితం చూపించమని అడగండి.

మా పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను, అమ్మాయి చదువుతుంది కాబట్టి. ఎక్కువగా రాత్రి పని. పగలంతా విమానం ఎగిరితేనే కంపెనీకి డబ్బులు, కాబట్టి చివరి ఫ్లైటు దిగాక మా చేతికి వస్తుంది. బోరోస్కోప్ అని సన్నటి కెమెరా గొట్టం ఉంటుంది. దాన్ని ఇంజను పక్కనున్న చిన్న రంధ్రంలోంచి లోపలికి పంపి, షాఫ్ట్ మెల్లగా తిప్పుతూ టర్బైన్ బ్లేడ్లను ఒక్కొక్కటే చూస్తాం. అంచు మీద గోరంత నొక్కు కనపడితే ఆగి, కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు లోపల ఉందో లేదో చూడాలి. హద్దు దాటితే ఎవరు ఎంత తొందరపెట్టినా విమానం కదలదు. పని అయ్యాక పనిముట్ల పెట్టె తెరిచి చూస్తాం. ప్రతి స్పానర్‌కీ దాని ఆకారంలోనే కోసిన గూడు ఉంటుంది. ఒక్క గూడు ఖాళీగా ఉన్నా అది దొరికేదాకా అందరం వెతుకుతాం.

ఈ పని నాకు ప్రాణం. కానీ విమానాన్ని కొత్తగా ఊహించాలనే కోరిక ఉన్న పిల్లకి ఇది సరిపడకపోవచ్చు. తెప్పలు ఎలా పనిచేస్తాయని అడిగిందంటే బీటెక్ వైపే అనిపిస్తోంది.

పటమట_కోడర్

అన్నా, పెద్దవాళ్ళ మాట తీసిపారేయకండి. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. సీఎస్‌ఈ వాళ్ళకి క్యాంపస్‌లో నలభై కంపెనీలు వస్తే కోర్ బ్రాంచీలకి నాలుగు వస్తాయి. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఇష్టాన్ని ఆదివారం కూడా నిలబెట్టుకోవచ్చు.

బెంగళూరు_స్ట్రెస్

కోడర్ గారి మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను. ఏరో చదివి సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు, అది దాచాల్సిన పనిలేదు. కానీ ఇక్కడ అడగాల్సింది "ఏ బ్రాంచి" అని కాదు, "రోజూ ఏ పని చేయాలనుంది" అని. ఆ పనికి ఎన్ని దారులున్నాయో తర్వాత చూసుకోవచ్చు.

నాది మంగళగిరి. బెంగళూరులో ఇంజనీరింగ్ సర్వీసెస్ కంపెనీలో విమాన నిర్మాణాల స్ట్రెస్ అనాలిసిస్ చేస్తాను. ఈ పని ఏమిటో చెప్తే ఏరోనాటికల్ ఉద్యోగం ఎలా ఉంటుందో కాస్త తెలుస్తుంది.

జెట్ విమానం 35 వేల అడుగుల్లో వెళ్తుంటే బయట గాలి పల్చగా ఉంటుంది. లోపల మాత్రం మనకి ఊపిరి ఆడేలా, సుమారు 8 వేల అడుగుల ఎత్తులో ఉండే ఒత్తిడి ఉంచుతారు. అంటే ప్రతి ప్రయాణంలో విమానం బాడీ ఒకసారి ఉబ్బి, దిగాక మామూలవుతుంది. ఇలా వేల సార్లు జరిగాక రివెట్ రంధ్రం అంచున, కిటికీ మూలన, ఎక్కడ బలం పోగుపడుతుందో అక్కడ వెంట్రుకంత పగులు మొదలవుతుంది. 1954లో బ్రిటన్ వాళ్ళ కామెట్ జెట్‌లు రెండు గాల్లోనే విడిపోయినప్పుడు కారణం కోసం ఒక కామెట్ బాడీని పెద్ద నీళ్ళ తొట్టెలో పెట్టి, లోపలికి నీళ్ళు ఎక్కించి దించి, మళ్ళీ ఎక్కించి పరీక్షించారు. అది అంతకుముందు ఎగిరినవీ తొట్టెలో చేసినవీ కలిపి 3,057 సార్లకి చీలిపోయింది. ఇవాళ మేము చేసే ప్రతి లెక్క వెనక ఆ తొట్టె ఉంది.

నా దగ్గరికి వచ్చేది ఒక చిన్న బ్రాకెట్ కావచ్చు, తలుపు చుట్టూ ఉండే ఫ్రేమ్ కావచ్చు. దాని మీద ఏ ఏ బలాలు పడతాయి, పగులు మొదలైతే ఎన్ని ఫ్లైట్లకి ఎంత పెరుగుతుంది, ఎన్ని ఫ్లైట్లకొకసారి మన హ్యాంగర్ తెనాలి గారి లాంటివాళ్ళు వెళ్ళి చూడాలి, ఇవన్నీ లెక్కగట్టి రిపోర్టు రాస్తాను. ఆయన చేతిలో ఉన్న మాన్యువల్‌లో అంకె మా లాంటివాళ్ళ దగ్గర నుంచే వెళ్తుంది.

మా టీమ్‌లో ఏరో వాళ్ళూ ఉన్నారు, మెకానికల్ వాళ్ళూ ఉన్నారు. ఇంటర్వ్యూలో మేము అడిగేది బ్రాంచి పేరు కాదు. ఒక కాంటిలివర్ బీమ్ ఇచ్చి షియర్ ఫోర్స్, బెండింగ్ మొమెంట్ చేత్తో గీయమంటాం. కాటియా, నాస్ట్రాన్ లాంటి సాఫ్ట్‌వేర్లు కూర్చుంటే కొన్ని నెలల్లో వస్తాయి. బీమ్ ఎటు వంగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలగడం నాలుగేళ్ళు చదివితేనే వస్తుంది.

నంబూరు_మాస్టారు

నేను ఏరోడైనమిక్స్ బోధిస్తాను. ఏ కాలేజీ అని అడగకండి, ఇక్కడ ఎవరికీ ప్రచారం చేయను. తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి వచ్చినప్పుడు ఏం అడగాలో తెలియక హాస్టల్ మెస్సు, బస్సు గురించి అడిగి వెళ్ళిపోతారు. నాకు అది బాధగా ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

మొదట, నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. కాబట్టి "మాకు ఎన్‌బీఏ ఉంది" అంటే "ఏరోనాటికల్‌కి ఉందా, ఎప్పటిదాకా ఉంది" అని అడగాలి. రెండోది విండ్ టన్నెల్, అంటే నమూనా మీదికి గాలి వదిలి బలాలు కొలిచే యంత్రం. దాదాపు ప్రతి కాలేజీ ఫొటో చూపిస్తుంది. దాన్ని ఆన్ చేయమనండి. టెస్ట్ సెక్షన్ ఎంత వెడల్పు, గాలి ఎంత వేగం దాకా వెళ్తుంది, బలాలు కొలిచే బ్యాలెన్స్ పనిచేస్తోందా అని అడగండి. ఆ తర్వాత అక్కడే ఒక మూడో సంవత్సరం విద్యార్థిని ల్యాబ్ రికార్డు చూపించమనండి. అంకెలన్నీ క్లాసులో అందరివీ ఒకేలా ఉంటే ఆ టన్నెల్ తిరగడం లేదని అర్థం. మేం కొలిచిన ఏ రెండు గ్రూపుల అంకెలూ అచ్చం ఒకేలా రావు, రాకూడదు కూడా.

పాఠాలు చెప్పేవాళ్ళలో ఏరోస్పేస్‌లో పైచదువు చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. మెకానికల్ వాళ్ళు థర్మో, ఫ్లూయిడ్స్ బాగా చెప్పగలరు. ఫ్లైట్ డైనమిక్స్, ప్రొపల్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ విషయంలోనే పనిచేసినవాళ్ళు కావాలి.

సిలబస్ గురించి ఒక్క ముక్క. మొదటి ఏడాది అందరికీ ఒకటే. రెండో ఏడాది నుంచి ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, స్ట్రక్చర్స్, ఆ తర్వాత ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్, స్టెబిలిటీ, కంట్రోల్స్. మొత్తం లెక్కలే. ఇంటర్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు కేవలం మార్కుల కోసం బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ ఇబ్బంది పడతారు, ఇష్టపడి చేసినవాళ్ళకి పండగ.

కొరిటెపాడు_నాన్న

మాస్టారూ, మీరు రాసినది ప్రింటు తీసి పెట్టుకున్నాను. స్ట్రెస్ గారూ, మీ కామెట్ కథ అమ్మాయికి చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకుంది. ఒక అనుమానం. ఐఐటీ రాకపోతే మిగిలిన మంచి దారులేవి? ఇస్రోలో చేరాలంటే ఏరోనాటికలే చదవాలా?

కృష్ణలంక_రిటైర్డ్

బాబూ, నేను రక్షణ పరిశోధనలో పనిచేసి రిటైరై విజయవాడలో ఉంటున్నాను. నీ ప్రశ్నకి నేను చెప్తాను.

ఐఐటీల్లో బొంబాయి, కాన్పూర్, మద్రాసు, ఖరగ్‌పూర్‌లలో ఏరోస్పేస్ విభాగాలు పాతవి, పేరున్నవి. తిరువనంతపురంలో ఐఐఎస్‌టీ అని 2007లో అంతరిక్ష విభాగం పెట్టిన సంస్థ ఉంది. అక్కడ ఏరోస్పేస్ బీటెక్‌కి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే తీసుకుంటారు. చదువులో నిర్ణయించిన గ్రేడు నిలబెట్టుకుని, ఇస్రోలో ఖాళీలుంటే నేరుగా ఉద్యోగంలోకి వెళ్ళే వీలుంది. చెన్నై క్రోంపేటలో ఎంఐటీ ఉంది, 1949లో మొదలైంది, కలాం గారు ఏరోనాటికల్ చదివింది అక్కడే.

ఇవేవీ రాకపోతే బెంగ పడకు. ఇస్రో తన నియామక బోర్డు ద్వారా ఎక్కువగా తీసుకునేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళని. రాకెట్‌లో ఏరోడైనమిక్స్ ఒక ముక్క మాత్రమే. వెల్డింగ్, వాల్వులు, సర్క్యూట్లు, కోడ్ కలిస్తేనే అది లేస్తుంది. తేజస్ యుద్ధ విమాన కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ గారు బీహెచ్‌యూలో మెకానికల్ చదివి, తర్వాత ఐఐఎస్‌సీలో ఏరోనాటికల్ వైపు వచ్చారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి ఛైర్మన్‌గా చేసిన నెల్లూరు జిల్లా బిడ్డ సతీష్ రెడ్డి గారు అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ. అగ్ని క్షిపణుల్లో పనిచేసిన టెస్సీ థామస్ గారు ఎలక్ట్రికల్. ముగ్గురూ మూడు గుమ్మాల్లోంచి వచ్చి ఒకే ఇంట్లో కూర్చున్నారు.

ఏరోనాటికల్ చదివినవాళ్ళకి ప్రత్యేకంగా గేట్‌లో, అంటే ఎంటెక్ ప్రవేశ పరీక్షలో, ఏరోస్పేస్ పేపరు ఉంది. ఆ స్కోరుతో ఎంటెక్‌కి వెళ్ళవచ్చు, నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. డీఆర్‌డీఓ సైంటిస్ట్ బీ పోస్టుకి గేట్ స్కోరు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తారు. మూల వేతనం 56,100, దాని మీద డీఏ వగైరా. హైదరాబాద్‌లో క్షిపణి ల్యాబులు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్, బెంగళూరులో విమాన రంగ సంస్థలు ఏడీఏ, జీటీఆర్ఈ, ఎన్ఏఎల్, హెచ్ఏఎల్. ఈ పేర్లన్నీ నీకు తలుపులే.

ఒక్కటి గుర్తుపెట్టుకోమను. ఈ రంగంలో ఓర్పు కావాలి. తేజస్ కార్యక్రమం 1983లో మంజూరైంది, 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది, 2016 జూలైలో వాయుసేన స్క్వాడ్రన్‌లో చేరింది. యువకుడిగా మొదటి డ్రాయింగ్ గీసినవాడు తల నెరిశాక అది గాల్లో చూసుకున్నాడు. అది అందరికీ సరిపడే జీవితం కాదు. సరిపడినవాళ్ళకి మాత్రం ఇంకొకటి రుచించదు.

మూడో_ఏడు_అమ్మాయి

అంకుల్, నాది విజయవాడ సత్యనారాయణపురం. చెన్నై వైపు ఒక కాలేజీలో ఏరో మూడో సంవత్సరం. మీ అమ్మాయికి అక్కలాంటిదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మా క్లాసులో ఆడపిల్లలు తక్కువే, కానీ ఒంటరిగా ఏమీ అనిపించదు. నాకు నిజంగా చదువు వచ్చింది క్లాసులో కంటే మా ఎయిర్‌క్రాఫ్ట్ క్లబ్బులో. ఎస్ఏఈ ఇండియా వాళ్ళ డిజైన్ పోటీకి రేడియో కంట్రోల్ విమానం కట్టాం. బాల్సా చెక్క రిబ్బులు కోసి, వాటి మీద మోనోకోట్ ఫిల్మ్ ఇస్త్రీ పెట్టెతో సాగదీసి అతికించాం. గ్లైడ్ టెస్టులో ముక్కు పైకెత్తి, ఆగి, ధబేలున పడింది. గురుత్వ కేంద్రం వెనక్కి ఉందని సీనియర్ చెప్పాడు. బ్యాటరీని రెండు వేళ్ళంత ముందుకి జరిపి కట్టాక చక్కగా సాగిపోయింది. అంతకుముందు స్టాటిక్ మార్జిన్, అంటే విమానం ఎంత నిలకడగా ఎగురుతుందో చెప్పే కొలత, నాకు పుస్తకంలో ఒక ఫార్ములా. ఆ సాయంత్రం నుంచి అది నా చేతికి తెలుసు.

డబ్బు లేకుండా ఇంట్లోనే చేయగలిగేవి కూడా ఉన్నాయి. ఎక్స్‌ఎఫ్ఎల్ఆర్5, ఓపెన్‌ఫోమ్ రెండూ ఉచితం. రెక్క ఆకారం మార్చి లిఫ్ట్ (పైకెత్తే బలం), డ్రాగ్ (వెనక్కి లాగే బలం) ఎలా మారతాయో మామూలు ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. కోడర్ అన్న చెప్పినట్టు కోడింగ్ కూడా నేర్చుకోమనండి. సాఫ్ట్‌వేర్‌కి పారిపోవడానికి కాదు, ఇవాళ ఏరోలో పైథాన్ రాకపోతే పని నడవదు కాబట్టి.

పటమట_కోడర్

చెల్లెమ్మ చెప్పింది బాగుంది. నాలుగేళ్ళూ కోడింగ్ వదలకుండా ఉంటే నా అభ్యంతరం సగానికి తగ్గుతుంది. అన్నా, మంచి కాలేజీ దొరికితేనే ఏరో, లేకపోతే మెకానికల్ తీసుకోండి. మూడో రకం కాలేజీలో ఏరో మాత్రం వద్దు. అక్కడ నుంచి బయటపడ్డ స్నేహితుల్ని చూశాను, సబ్జెక్టూ రాలేదు, ప్లేస్‌మెంటూ రాలేదు.

నంబూరు_మాస్టారు

ఈ మాటకి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ల్యాబ్ లేని ఏరోనాటికల్ కంటే మంచి ల్యాబ్ ఉన్న మెకానికల్ వెయ్యి రెట్లు మేలు. ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కి రావచ్చు, గేట్‌లో ఏరోస్పేస్ పేపరు మెకానికల్ వాళ్ళూ రాయవచ్చు.

గన్నవరం_టవర్

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ గానీ, ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండూ చదివిన ఇంజనీరింగ్ డిగ్రీ గానీ ఉంటే చాలు. ఏ బ్రాంచైనా ఫర్వాలేదు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు ఉంటుంది. రాత పరీక్ష, వాయిస్ టెస్టు, వైద్య పరీక్ష ఉంటాయి. మూల వేతనం 40 వేల దగ్గర మొదలు. సెలక్ట్ అయినవాళ్ళకి ప్రయాగరాజ్ కాలేజీలోనో, హైదరాబాద్ శిక్షణ కేంద్రంలోనో ట్రైనింగ్ ఇస్తారు. అమ్మాయిలు బాగా వస్తున్నారు. షిఫ్టులు మాత్రం తప్పవు.

వాయుసేన కూడా చెప్తాను. ఏఎఫ్‌క్యాట్ రాసి టెక్నికల్ బ్రాంచిలో ఆఫీసరుగా వెళ్ళవచ్చు, ఏరోనాటికల్ డిగ్రీ దానికి పనికొస్తుంది. ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజులు ఉంటుంది. మనకి దగ్గర్లోనే బాపట్ల సూర్యలంకలో వాయుసేన స్టేషన్ ఉంది కదా.

కొరిటెపాడు_నాన్న

పైలట్ సంగతేమిటండీ? బంధువుల్లో ఒకరు "ఇంజనీరింగ్ చేస్తే పైలట్ కూడా అవ్వొచ్చు" అన్నారు.

హ్యాంగర్_తెనాలి

దానికి ఇంజనీరింగ్ అక్కర్లేదండీ. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండి, డీజీసీఏ పేపర్లు పాసై, క్లాస్ 1 మెడికల్ వచ్చి, 200 గంటలు ఎగిరితే కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఖర్చు లక్షలు కాదు, పదుల లక్షలు. అప్పు చేసే ముందు మెడికల్ చేయించుకోవాలి, అది రాకపోతే మిగతాదంతా ఆగిపోతుంది. లైసెన్సు వచ్చాక కూడా ఎయిర్‌లైన్స్ తీసుకునేదాకా కొందరు ఏళ్ళ తరబడి ఆగుతారు. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు మా ఏఎంఈలూ పైలట్లూ అందరూ రోడ్డు మీద పడ్డారు. ఎయిర్‌లైన్స్ బాగున్నప్పుడు బాగుంటుంది, దిగినప్పుడు కష్టంగా ఉంటుంది. ఇది ఈ రంగానికి ఉన్న గుణం, తెలుసుకుని రావాలి.

మిర్చి_డ్రోన్

గుంటూరు వాళ్ళ థ్రెడ్‌లో డ్రోన్ల ఊసే లేకపోతే ఎలా? నాది ప్రత్తిపాడు వైపు. మెకానికల్ చదివి ఇప్పుడు మిర్చి, పత్తి పొలాలకి మందు కొట్టే డ్రోన్లు తయారు చేసి, రిపేరు చేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు పడవలు వెళ్ళలేని సందుల్లో మేడల మీదికి డ్రోన్లతో అన్నం పొట్లాలు, మంచినీళ్ళు అందించారు. అక్టోబరులో పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద 5,500 డ్రోన్లతో ప్రదర్శన చేశారు. ఇవి రెండూ మన కళ్ళ ముందు జరిగాయి. ఇక్కడ పని ఉంది అనడానికి ఇంకేం కావాలి?

ఈ పనిలో ఏరో చదువు ఎక్కడ పనికొస్తుందో చెప్తాను. పది లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు డ్రోన్ ఒక బరువు, చివరి వరుసకి వచ్చేసరికి ఇంకో బరువు. ట్యాంకులో మందు అటూ ఇటూ ఊగితే డ్రోన్ కూడా ఊగుతుంది. కంట్రోల్ గెయిన్లు, అంటే ఊగితే డ్రోన్ ఎంత గట్టిగా సర్దుకోవాలో చెప్పే సెట్టింగులు, ఒక బరువుకి సరిచేస్తే రెండోదానికి తేడా కొడతాయి. ప్రొపెల్లర్ల కింద గాలి ఎలా పోతుందో తెలిస్తే నాజిల్ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. లేకపోతే మందు ఆకు అడుగుకి చేరదు, తామర పురుగు అక్కడే ఉంటుంది. ఇవన్నీ మేం పొలంలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. ఇది చదివి వచ్చిన పిల్లలు ఉంటే నేనే ఉద్యోగం ఇస్తాను.

ఎగరేయడానికి మాత్రం 2021 డ్రోన్ నియమాల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ చాలు, దానికి పదో తరగతి, 18 ఏళ్ళ వయసు, శిక్షణ ఉండాలి. తయారీ, డిజైన్ వేరే కథ.

స్టుట్‌గార్ట్_పెదకాకాని

ఎంఎస్ గురించి నేను చెప్తాను. అమెరికాలో ఏరోస్పేస్ ఎంఎస్ సీటు రావడం కష్టం కాదు, ఉద్యోగం కష్టం. వాళ్ళ రక్షణ ఎగుమతి చట్టం, ఐటార్ అంటారు, దాని వల్ల రాకెట్, మిలిటరీ విమాన సంస్థలు చాలావరకు పౌరులనీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళనీ మాత్రమే తీసుకుంటాయి. మన తెనాలి మూలాలున్న శిరీష బండ్ల గారు పర్డ్యూలో ఏరోనాటికల్ చదివి 2021 జూలైలో అంతరిక్షం అంచుదాకా వెళ్ళారు. చాలా గర్వం. కానీ ఆవిడ చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగారు. ఇక్కడ నుంచి వీసా మీద వెళ్ళేవాళ్ళ పరిస్థితి వేరు. యాభై లక్షల అప్పు చేసే ముందు ఇది తెలుసుకోవాలి.

యూరప్ కొంచెం నయం. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. నేను చదివిన రాష్ట్రంలో మాత్రం బయటి దేశాల వాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. జర్మన్ భాష రాకపోతే ఉద్యోగం దగ్గర ఆగిపోతారు. బీటెక్ రెండో ఏడాదిలోనే భాష మొదలుపెట్టమనండి.

మన దగ్గర కూడా ఇప్పుడు పరిస్థితి మారింది. హైదరాబాద్ ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారు చేస్తున్నాయి. స్కైరూట్ వాళ్ళు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేశారు, మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్ అది. మా బ్యాచిలో ఒకడు ఇక్కడ నుంచి తిరిగి వెళ్ళి హైదరాబాద్‌లో చేరాడు, సంతోషంగా ఉన్నాడు.

కొరిటెపాడు_నాన్న

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. ఇప్పుడు అమ్మాయే రాస్తానంటోంది, నా ఐడీ నుంచే.

నమస్తే. నేను రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, రెక్క పైన గాలి ఎక్కువ దూరం పోవాలి కాబట్టి వేగంగా పోయి కింద గాలిని వెనక కలుసుకుంటుందని మా పుస్తకంలో ఉంది. అవి కలవాలని ఎవరు చెప్పారు? రెండోది, సీప్లేన్ తెప్పల గురించి.

నంబూరు_మాస్టారు

అమ్మా, మొదటి ప్రశ్న అడిగినందుకే నీకు సీటు ఇవ్వాలి. అవి కలవాలని ఏ సూత్రమూ చెప్పలేదు. టన్నెల్లో పొగ వదిలి చూస్తే పైన పోయిన గాలి కింద గాలి కంటే ముందే వెనక అంచు చేరుకుంటుంది. రెక్క గాలిని కిందికి వంచుతుంది, ఆ వంపు వల్ల పైన ఒత్తిడి తగ్గుతుంది, గాలిని కిందికి నెట్టినంతగా రెక్క పైకి నెట్టబడుతుంది. వేగం, ఒత్తిడి, వంపు మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి, మనసులో ఇది పెట్టుకో.

రెండోది. తెప్ప అడుగు చూడు, మధ్యలో ఒక మెట్టు ఉంటుంది, ఉన్నట్టుండి కోసినట్టు. నీటికి నున్నటి అడుగుని అంటుకుని పట్టుకునే గుణం ఉంది. వేగం పెరిగాక నీళ్ళు ఆ మెట్టు అంచు దగ్గర తెగిపోతాయి, వెనక భాగం కిందికి గాలి వస్తుంది, పట్టు వదిలిపోతుంది. అప్పుడు తెప్ప ముందు సగం మీద మాత్రమే జారుతూ వెళ్ళి విమానం లేస్తుంది. ఆ రోజు వీడియో మళ్ళీ చూడు, లేచే ముందు విమానం కాస్త పైకి తేలి నీటి మీద జారే ఘట్టం ఉంటుంది.

కొరిటెపాడు_నాన్న

మాస్టారూ, ఈ జవాబు చదివాక మా బావమరిది కూడా ఏమీ అనలేదు. మేం అనుకున్నది ఇది. జేఈఈ ర్యాంకు బట్టి పెద్ద సంస్థల్లో ఏరోస్పేస్ మొదటి ఆప్షన్. రాకపోతే మీరు చెప్పినట్టు ల్యాబులు చూసి ఒకటి రెండు కాలేజీల్లో ఏరోనాటికల్. అవీ నచ్చకపోతే మెకానికల్, తర్వాత గేట్. సెలవుల్లో మూడో ఏడు అమ్మాయి చెప్పిన సాఫ్ట్‌వేర్ మొదలుపెడుతుంది. మిర్చి డ్రోన్ గారూ, ఒకసారి మీ యూనిట్ చూపిస్తారా?

మిర్చి_డ్రోన్

తప్పకుండా అండీ. ఆదివారం రండి, ఆ రోజు మోటార్లు విప్పి సర్వీసు చేస్తాం. పాపని చెప్పులతో కాకుండా బూట్లతో రమ్మనండి, జుట్టు ముడి వేసుకోవాలి. ప్రొపెల్లర్ల దగ్గర పని.

పాలిటెక్నిక్_బెజవాడ

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నేను డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడాది. నాకు ఈ రంగంలోకి దారి ఉందా?

బెంగళూరు_స్ట్రెస్

ఉంది తమ్ముడూ. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. లేటరల్‌లో ఏరో సీట్లు తక్కువ, మెకానికల్ సులభంగా దొరుకుతుంది, అది తీసుకో. డిప్లొమాలో నువ్వు లేత్, మిల్లింగ్ చేత్తో చేశావు. డ్రాయింగ్ మీద టాలరెన్స్ చూసి ఇది తయారవుతుందా కాదా చెప్పగలిగే డిజైనర్లు మాకు కరువు. ఈసెట్‌కి చదువుతూ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ మాత్రం గట్టిగా చూసుకో. ఏవైనా లెక్కలు ఆగితే ఇక్కడే పెట్టు, సాయంత్రాలు చూస్తాను.

హ్యాంగర్_తెనాలి

డిప్లొమాతో హెచ్ఏఎల్ లాంటి చోట టెక్నీషియన్ నోటిఫికేషన్లు కూడా వస్తుంటాయి, చూస్తూ ఉండు. ఏఎంఈ వైపు ఆలోచన ఉంటే నాకు మెసేజ్ పెట్టు, ఏ మాడ్యూల్స్ ముందు రాయాలో చెప్తాను.